కట్టె ఆరితేనే పని నిలుస్తుంది

పచ్చి కట్టె పగులుతుంది. ఆరిన కట్టె నిలుస్తుంది. ఈ మాట మనకందరికీ తెలుసు.

కానీ పచ్చి కట్టె ఎందుకు పగులుతుంది? గుండ్రంగా చేసిన భరిణె కోడిగుడ్డులా ఎందుకు మారుతుంది? తిన్నటి పలక ఎందుకు వంకర పోతుంది? ఎన్ని రోజులు ఆరబెడితే సరిపోతుంది? అది ఎట్లా తెలుస్తుంది?

ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకుందాం. వడ్ల పని చేసేవారికి ఇది అన్నం పెట్టే విషయం. మంచం, తలుపు, నాగలి, బండి చేయించుకునేవారికి కూడా ఇది తెలిసి ఉంటే మేలు.

మన అడవి, మన కట్టె

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు అడవికి పేరు పొందినవి. టేకు, నల్లమద్ది, ఏగిస, వేప, తుమ్మ మన వడ్లవారి చేతికి అలవాటైన కట్టెలు. 2016 అక్టోబర్ 11న ఈ రెండు జిల్లాలు విడిపోయి నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల వంటి కొత్త జిల్లాలు వచ్చాయి. జిల్లాలు మారినా పని మారలేదు.

నిర్మల్ కొయ్యబొమ్మలు దేశమంతా తెలుసు. ఆ బొమ్మలు పొనికి కర్రతో చేస్తారు. పొనికి చాలా మెత్తగా, తేలికగా ఉంటుంది. కళాకారులు దాన్ని బాగా ఆరబెట్టి, ఉలితో చెక్కుతారు. ముక్కలు ముక్కలుగా చేసి అతికిస్తారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి సందులు నింపుతారు. నున్నగా చేసి రంగులు వేస్తారు. పచ్చి కర్ర మీద రంగు వేస్తే ఏమవుతుంది? కర్ర కుంచించుకుంటుంది. అతుకు విడుతుంది. రంగు పెచ్చులుగా లేస్తుంది.

ఇప్పుడు అడవిలో పొనికి తగ్గిపోయింది. కర్ర దొరకడమే కష్టం. అందుకే ఒక్క ముక్క పగిలినా నష్టమే.

తెలుగువారి ఇంకో ఊరు ఏటికొప్పాక. అది ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ బొమ్మలను ఉలితో చెక్కరు, తిప్పి చేస్తారు. అంకుడు కర్రను తరిమెనకు బిగిస్తారు. తరిమెన అంటే కర్రను గిరగిరా తిప్పే సాధనం. దాన్నే మనం లేత్ మిషన్ అంటున్నాం. కర్ర తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చేస్తారు. తిరుగుతున్న బొమ్మకే రంగు లక్కను ఒత్తిపడతారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. చివరికి మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. అక్కడ కూడా మొదటి మాట ఒకటే. కర్ర ఆరి ఉండాలి.

మన దగ్గర మంచం కోళ్లు, తొట్టెల కాళ్లు, రొట్టె కర్రలు, కవ్వాలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు మిషన్ మీద తిప్పి చేస్తారు. కాబట్టి ఈ పాఠం మనదే.

మామ, అల్లుడు మాట్లాడుకున్నారు

ఒక ఊరిలో ఇట్లా జరిగిందనుకుందాం. ఒక యువకుడు కొత్తగా లేత్ మిషన్ పెట్టుకున్నాడు. మే నెలలో ఒక ఆడపిల్ల పెండ్లి. పిల్ల తండ్రి ఏప్రిల్‌లో పచ్చి టేకు ముక్కలు తెచ్చి మంచం చేయమన్నాడు. యువకుడు పది రోజుల్లో చేసి ఇచ్చాడు. పెండ్లయిన నెలకే కోళ్లు పగిలాయి. మంచం కిర్రుమంటూ ఊగింది. అత్తగారింట్లో పిల్ల తలవంచుకోవలసి వచ్చింది. తండ్రి వచ్చి బాధపడ్డాడు. యువకుడు తన మేనమామ దగ్గరికి పోయాడు. మామ నలభై ఏండ్లు వడ్ల పని చేసిన మనిషి.

"మామా, పని మంచిగనే చేసిన. కొలత తప్పలే. మరి కోళ్లు ఎందుకు పలిగినయ్?"

"కట్టె ఎన్నడు కొట్టింది అల్లుడా?"

"ఏమో మామా. ఆయన తెచ్చిండు, నేను చేసిన."

"అడగకపోతివా? గదే మొదటి తప్పు. కట్టెల నీళ్లుంటయ్. నువ్వు పచ్చి కట్టెకు కొలత పెట్టినవ్. నీళ్లు పోయినంక కట్టె చిన్నగైతది. నీ కొలత ఎక్కడుంటది?"

"మరి అందరు పచ్చి కట్టెతోనే నాగలి చేస్తరు గద?"

"నాగలి లావుగుంటది. ఒక నెర్రె బారినా దున్నుతది. మంచం కోడుకు నడుమ సన్నం, కింద గుండు, మీద తొర్ర. లావున్న కాడ ఆలస్యంగ ఆరుతది. సన్నమున్న కాడ జల్ది ఆరుతది. ఒకటి గుంజుతది, ఇంకొకటి గుంజనియ్యది. నడుమల పలుగుతది."

"గట్లయితే పెండ్లి మంచం అడిగినోళ్లకు ఏం చెప్పాలె మామా?"

"ఆరిన కట్టె నీ దగ్గర పెట్టుకోవాలె. వాళ్ల పచ్చి కట్టె నువ్వు తీసుకొని పేరు, తారీఖు రాసి పెట్టు. నీ ఆరిన కట్టెతోని వాళ్ల మంచం చెయ్యి. అది లేకపోతే, కాదని చెప్పు. కాదన్న మాట ఒకనాటి బాధ. పలిగిన కోడు ఏండ్ల బాధ."

మామ చెప్పినది నిజం. ఇప్పుడు దాని వెనుక ఉన్న కారణం చూద్దాం.

కట్టెలో నీళ్లు ఎక్కడ ఉంటాయి?

కట్టె సన్నని గొట్టాల కట్ట లాంటిది. చెట్టు బతికి ఉన్నప్పుడు ఆ గొట్టాలలో నీళ్లు ఉంటాయి. గొట్టాల గోడలలో కూడా నీళ్లు ఉంటాయి.

చెట్టు కొట్టిన తరువాత మొదట గొట్టాల లోపలి నీళ్లు పోతాయి. అప్పుడు కట్టె బరువు తగ్గుతుంది. కానీ కొలత తగ్గదు. బిందెలో నీళ్లు పారబోస్తే బిందె చిన్నది కాదు కదా! అట్లాగే.

తరువాత గోడలలోని నీళ్లు పోతాయి. అప్పుడు గోడలు పలుచబడతాయి. కట్టె కుంచించుకుంటుంది. ఎండు కట్టె 100 గ్రాములు ఉంటే దానిలో నీళ్లు సుమారు 30 గ్రాములకు తగ్గినప్పటి నుంచి ఈ కుంచించుకోవడం మొదలవుతుంది. వంకర పోవడం, పగలడం ఎక్కువగా అప్పటి నుంచే.

కట్టె అన్ని వైపులా ఒకే తీరుగా కుంచించుకోదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

దుంగను అడ్డంగా కోసి చూడండి. నడుమ బెండు ఉంటుంది. దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి వలయాలు ఉంటాయి. ఆరేటప్పుడు

పొడవు వైపు కట్టె దాదాపు తగ్గదు.
బెండు నుంచి పట్ట వైపు కొంచెం తగ్గుతుంది.
వలయాల వెంట, అంటే చుట్టూ తిరిగే వైపు, దానికి రెండింతలు తగ్గుతుంది.

టేకు సంగతి చూద్దాం. పచ్చి టేకు ముక్క 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి. అది పూర్తిగా ఎండితే వలయాల వెంట సుమారు 5 నుంచి 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. బెండు నుంచి పట్ట వైపు 2 నుంచి 3 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అన్ని కట్టెలలో టేకు తక్కువ తగ్గే కట్టె. అందుకే దానికి అంత గిరాకి. చాలా కట్టెలు టేకు కంటే ఎక్కువ తగ్గుతాయి.

ఇప్పుడు మీరే చెప్పండి. పచ్చి కట్టెతో గుండ్రని భరిణె చేశారు. ఒక వైపు ఎక్కువ తగ్గింది. ఇంకో వైపు తక్కువ తగ్గింది. భరిణె గుండ్రంగా ఉంటుందా? ఉండదు. కోడిగుడ్డులా అవుతుంది. మూత బిగుసుకుంటుంది. లేదా ఊడిపడుతుంది.

దుంగ ఎందుకు నెర్రె బారుతుంది?

బండి చక్రానికి ఇనుప పట్టా ఎట్లా వేస్తారో మీకు తెలుసు. పట్టాను ఎర్రగా కాల్చి చక్రం మీద వేస్తారు. నీళ్లు పోసి చల్లారుస్తారు. చల్లారిన ఇనుము కుంచించుకుని చక్రాన్ని బిగపడుతుంది.

దుంగలోని వలయం కూడా ఆ పట్టా లాంటిదే. ఆరేటప్పుడు అది కుంచించుకోవాలని చూస్తుంది. లోపలి కట్టె అంతగా కుంచించుకోదు. ఇనుప పట్టాకు బలం ఉంది కాబట్టి తెగదు. కట్టెకు అడ్డంగా అంత బలం లేదు. అది తెగుతుంది. అందుకే నెర్రె ఎప్పుడూ పట్ట నుంచి బెండు వైపు పోతుంది.

బెండు నడుమన ఉంచి తిప్పిన కోడు తప్పక పగులుతుందని వడ్ల పెద్దలు ఇందుకే అంటారు. దుంగను నడుమకు చీరి, బెండు తీసేస్తే, వలయం అప్పటికే తెగి ఉంటుంది. ముక్కకు కుంచించుకోవడానికి దారి దొరుకుతుంది. పగుళ్లు తగ్గుతాయి.

ఎండకాలంలో బండి చక్రం కట్టె ఆరి పట్టా వదులవుతుంది. అప్పుడు చక్రాన్ని వాగులో, చెరువులో నానబెడతారు. కట్టె ఉబ్బి పట్టా బిగుస్తుంది. వానకాలంలో తలుపులు పట్టుకుంటాయి. ఎండకాలంలో సందులు వస్తాయి. అంటే ఆరిన కట్టె కూడా గాలిలోని తేమను బట్టి కొంచెం పెరుగుతుంది, కొంచెం తగ్గుతుంది. ఈ కదలికను పూర్తిగా ఆపలేం. తగ్గించగలం.

కట్టె ఆరబెట్టే పద్ధతి

1. తేదీ రాయండి. కట్టె వచ్చిన రోజే దాని మీద రాయండి. ఏ కట్టె, ఎవరిది, ఎన్నడు కొట్టింది. బొగ్గుతో రాస్తే చెరిగిపోతుంది. రంగుతో రాయండి. నాలుగు అక్షరాలు నేర్చుకున్నందుకు ఇది మంచి లాభం. గుర్తు మీద ఆధారపడితే ఆరిన ముక్క, పచ్చి ముక్క కలిసిపోతాయి.

2. పట్ట తీయండి. పట్ట ఉంటే కట్టె ఆలస్యంగా ఆరుతుంది. పట్ట కింద పురుగు చేరుతుంది. బయటి తెల్ల చెక్కను పురుగు తొందరగా తింటుంది. లోపలి చేవను అంత తొందరగా తినదు.

3. ముక్కలుగా కోయండి. దుంగను దుంగలాగే ఏండ్ల తరబడి పడేస్తే లోపల ఆరదు, బయట పగులుతుంది. కావలసిన కొలత కంటే కొంచెం ఎక్కువ ఉంచి ముక్కలు కోయించండి. బెండు తీసేయండి. పొడవులో రెండు వైపులా రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉంచండి. చివరలు పగిలినా కోసేయవచ్చు.

4. చివరలు మూయండి. కట్టె గొట్టాల కట్ట అని చెప్పుకున్నాం. గొట్టాల నోళ్లు రెండు చివరల్లో ఉంటాయి. పక్కల కంటే చివరల నుంచి నీళ్లు ఎన్నో రెట్లు తొందరగా పోతాయి. అందుకే ముందు చివరలు పగులుతాయి. కోసిన రోజే చివరలకు కరిగించిన మైనం పూయండి. మైనం లేకపోతే చిక్కటి పాత రంగు రెండు సార్లు పూయండి. అదీ లేకపోతే పేడ, బంకమట్టి కలిపి మందంగా మెత్తండి. అది ఎండి రాలితే మళ్లీ మెత్తాలి. పగులు వచ్చిన తరువాత పూస్తే లాభం లేదు.

5. నీడలో పేర్చండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. చాలామంది తొందరగా ఆరాలని మే నెల ఎండలో పడేస్తారు. ఎండకు పైపొర గబగబా ఆరి కుంచించుకుంటుంది. లోపల పచ్చిగానే ఉంటుంది. పైపొర పగులుతుంది. కట్టెకు కావలసింది గాలి. మండే ఎండ కాదు.

పేర్చే తీరు ఇది. నేల మీద అడుగు ఎత్తు ఇటుకలు పెట్టండి. నేల చెమ్మ తగలవద్దు. ఇటుకల మీద ఒక వరుస ముక్కలు పెట్టండి. ముక్కకు ముక్కకు నడుమ వేలు పట్టేంత సందు వదలండి. వరుస మీద అడ్డంగా అంగుళం మందం బద్దలు పెట్టండి. రెండు అడుగులకు ఒక బద్ద చాలు. వాటి మీద రెండో వరుస. మళ్లీ బద్దలు. కింది బద్ద మీదికే పై బద్ద రావాలి. తప్పితే బరువు పక్కకు పడి పలక వంగుతుంది. అన్నిటికంటే పైన బండరాళ్లు పెట్టండి. ఆ బరువుకు పై వరుస వంకర పోదు. వాన తడపకుండా పైన కప్పు ఉండాలి. పక్కల గాలి ఆడాలి. ప్లాస్టిక్ కవరుతో నలువైపులా మూస్తే బూజు పడుతుంది.

ఎన్ని రోజులు?

ఇది కట్టెను బట్టి, మందాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. పలుచని పలక నెలలలో ఆరుతుంది. మూడు అంగుళాల కోడుకు ఏడాది దాకా ఓపిక పట్టాలి. మెత్తని కట్టె ముందు ఆరుతుంది. గట్టి కట్టె వెనుక ఆరుతుంది.

అందాజు మీద చెప్పడం కంటే జోకి చూడటం మంచిది. కిరాణా దుకాణంలో ఎలక్ట్రానిక్ కాంటా ఉంటుంది. వారానికి ఒకసారి ఒక ముక్క జోకించండి. నోటు పుస్తకంలో రాయండి. బరువు తగ్గుతూ ఉంటే ఆరుతున్నట్టు. రెండు మూడు వారాలు బరువు ఒకే తీరుగా ఉంటే ఆ గాలికి ఆ కట్టె ఆరినట్టు.

వానకాలంలో బరువు తగ్గడం ఆగవచ్చు. అప్పుడు గాలిలోనే తేమ ఉంటుంది. అది చూసి ఆరిందని అనుకోవద్దు. వానలు పోయాక మళ్లీ జోకండి.

ఇంకో లెక్క కూడా ఉంది. కట్టెలో నీళ్లు నూటికి ఎన్ని పాళ్లు ఉన్నాయో దీనితో తెలుస్తుంది.

పేర్చిన ముక్కల్లో ఒకదాని చివర నాలుగు వేళ్ల మేర కోసి వదిలేయండి. ఆ తరువాత నడుమ నుంచి ఒక పలుచని బిళ్ల కోయండి. వెంటనే జోకండి. దాని బరువు 65 గ్రాములు అనుకుందాం. ఆ బిళ్లను వేడి పెనం పక్కన, మాడిపోకుండా, మెల్లగా ఆరబెట్టండి. మధ్య మధ్య జోకండి. ఇక తగ్గని బరువు 50 గ్రాములు అనుకుందాం.

పోయిన నీళ్లు: 65 - 50 = 15 గ్రాములు.
ఎండిన కట్టె: 50 గ్రాములు.
15ను 50తో భాగించి 100తో గుణించాలి. జవాబు 30.

అంటే ఆ కట్టెలో నూటికి 30 పాళ్లు నీళ్లు ఉన్నాయి. ఇంకా పని మొదలుపెట్టవద్దు. అదే బిళ్ల 56 గ్రాములు తూగితే? పోయిన నీళ్లు 6 గ్రాములు. లెక్క చేస్తే 12 పాళ్లు. మన వైపు మంచం, తలుపు, భరిణె చేయడానికి ఇది సరిపోయే ఆరుదల.

రెండుసార్లు తిప్పే పద్ధతి

లావు ముక్క ఆరడానికి ఏడాది పడుతుంది. అంత కాలం ఆగలేకపోతే ఏం చేయాలి? తిప్పుడు పని చేసేవారికి ఒక మంచి ఉపాయం ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు ఒకసారి తిప్పాలి. ఆరిన తరువాత రెండోసారి తిప్పాలి.

కుంకుమ భరిణె చేయాలనుకోండి. పచ్చి ముక్కను మిషన్‌కు బిగించండి. బయట గుండ్రం చేయండి. లోపల తొలవండి. కానీ చివరి కొలతకు తేవద్దు. భరిణె వెడల్పులో పదో వంతు మందం గోడకు ఉంచండి. నాలుగు అంగుళాల భరిణెకు అర అంగుళం కంటే కొంచెం తక్కువ. గోడ అంతటా ఒకే మందం ఉండాలి. అడుగు కూడా గోడ అంతే మందం ఉండాలి. ఒక చోట లావు, ఒక చోట సన్నం ఉంటే సన్నమున్న చోట పగులుతుంది. మామ చెప్పిన మాట గుర్తుందా?

పని సగంలో ఆపి అన్నానికి పోవలసి వస్తే ముక్క మీద తడి గుడ్డ కప్పండి. లేకపోతే ఎండ గాలికి గంటలోనే నెర్రెలు వస్తాయి.

మొదటి తిప్పుడు అయిన భరిణెను కాగితపు సంచిలో పెట్టి మూతి మడవండి. లేదా రంపపు పొట్టులో కప్పి పెట్టండి. పొట్టు పొడిగా ఉండాలి. అప్పుడు నీళ్లు మెల్లగా పోతాయి. పొట్టు చెమ్మగిల్లితే మార్చండి. బూజు పట్టకుండా చూసుకోండి.

వారం వారం జోకి రాయండి. ఒక లెక్క ఇట్లా ఉండవచ్చు.

మొదటి రోజు: 260 గ్రాములు
1వ వారం: 225 గ్రాములు
2వ వారం: 208 గ్రాములు
3వ వారం: 200 గ్రాములు
4వ వారం: 196 గ్రాములు
5వ వారం: 195 గ్రాములు
6వ వారం: 195 గ్రాములు

బరువు ఆగింది. ఇప్పుడు భరిణె కోడిగుడ్డులా వంకర పోయి ఉంటుంది. భయం లేదు. గోడకు మందం ఉంచాం కదా! మళ్లీ మిషన్‌కు బిగించి గుండ్రం చేయండి. ఇక వంకర పోయే నీళ్లు దానిలో లేవు. మూతను కూడా అదే కట్టెతో, అదే తీరుగా చేయండి. మూత కుదిర్చే పని అన్నిటికంటే చివర పెట్టుకోండి.

మంచం కోళ్లకు కూడా ఇదే పద్ధతి. పచ్చిగా ఉన్నప్పుడు గుండ్రం చేసి అర అంగుళం మందం ఎక్కువ ఉంచి నీడలో పేర్చండి. చెక్కు తగ్గిన కోడు, మొత్తం దుంగ కంటే ముందు ఆరుతుంది. ఆరినాక నగిషీ తిప్పండి.

కోడు, పట్టె కలిపే చోట

మంచం ఊగేది కోడు, పట్టె కలిసే చోట. పట్టె పచ్చిగా ఉండి కోడు ఆరి ఉంటే ఏమవుతుంది? పట్టె మొన ఆరి సన్నబడుతుంది. తొర్రలో వదులవుతుంది. మేకులు కొట్టినా నిలవదు. కాబట్టి పట్టె పూర్తిగా ఆరాలి. కోడులో కొంచెం చెమ్మ ఉన్నా పరవాలేదు. కోడు ఆరేకొద్దీ తొర్ర ఆరిన మొనను బిగపడుతుంది. పాత వడ్లవారు మేకు లేకుండా చేసిన మంచాలు రెండు తరాలు నిలవడానికి ఇదొక కారణం.

రంగు, నూనె, లక్క

రంగు వేస్తే నీళ్లు లోపల ఆగిపోతాయని, పచ్చి కట్టె మీద రంగు వేసేవారు ఉన్నారు. అది సరికాదు. రంగు నీళ్లను ఆపదు. ఆలస్యం చేస్తుంది. కొన్నాళ్లకు కట్టె కుంచించుకుని రంగు లేస్తుంది.

ఆరిన కట్టెకు అన్ని వైపులా ఒకే తీరుగా పూయండి. పలక పైన వార్నిష్ వేసి కింద వదిలేస్తే పైన తేమ పోదు, కింద పోతుంది. పలక వంగుతుంది. భరిణెకు బయట పూస్తే లోపల కూడా పూయండి.

ప్లైవుడ్ ఎందుకు వంకర పోదు? దాన్ని పలుచని పొరలతో చేస్తారు. ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం అతికిస్తారు. కట్టె పొడవు వైపు తగ్గదని చెప్పుకున్నాం. ఒక పొర తగ్గబోతే పక్క పొర ఆపుతుంది. అదే కారణం.

డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ ఉంది. అది 1906లో మొదలైంది. ఎండ వేడితో కలప ఆరబెట్టే అద్దాల గదిని అక్కడివారు రూపొందించారు. గదిలో వేడి, తేమ, గాలి అదుపులో ఉంటాయి. ఆరుబయట కంటే తొందరగా కలప ఆరుతుంది. వడ్లవారు పదిమంది సంఘంగా చేరితే ఇటువంటి గది గురించి ఆలోచించవచ్చు.

మరిచిపోవద్దు

టేకు విలువైన చెట్టు. కవ్వాల్ అడవిని 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సొంత పట్టా భూమిలో ఉన్న టేకు అయినా కొట్టాలంటే, తరలించాలంటే ముందుగా అటవీశాఖను అడగాలి. డిపోలో కొన్నా, మిల్లులో కొన్నా రసీదు తీసుకోండి. చదివి చూసుకోండి. దాచి పెట్టుకోండి.

మిషన్ దగ్గర పంచె కొంగు, కండువా, చున్నీ వేలాడవద్దు. తిరిగే కట్టె గుడ్డను లాగుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పొట్టు ఊపిరితిత్తులకు చేటు. పగిలిన ముక్కను మిషన్‌కు బిగించవద్దు. తిరిగే వేగానికి విరిగి ముఖానికి తగులుతుంది.

ఇంట్లో రొట్టె కర్ర, కవ్వం కడిగి ఎండలో పెట్టకండి. పొయ్యి పక్కన పెట్టకండి. తుడిచి నీడలో ఆరవేయండి. అప్పుడప్పుడు కొంచెం నూనె రాయండి.

లెక్క వేద్దాం

ఒక పనివాడు పది మంచాలు ఒప్పుకున్నాడు. మంచానికి నాలుగు కోళ్లు. మొత్తం 40 కోళ్లు. పచ్చి కట్టెతో చేస్తే అందులో 8 పగిలాయి. అంటే రెండు మంచాల కోళ్లు పోయాయి. కట్టె ఖర్చు పోయింది. కోత కూలి పోయింది. మిషన్ కరెంటు పోయింది. రెండుసార్లు పని చేయాలి. మీ ఊరి ధర వేసి చూడండి. నష్టం ఎంత?

ఇప్పుడు చివరలకు మైనం, పేర్చడానికి బద్దలు, నోటు పుస్తకం. వీటి ఖర్చు కూడా వేయండి. రెండు లెక్కలు పక్క పక్కన పెట్టి చూడండి.

కొత్త మాటలు

చేవ: దుంగ లోపలి గట్టి కట్టె
బెండు: దుంగ నడుమ ఉండే మెత్తని భాగం
వలయం: చుట్టూ తిరిగే గీత
తరిమెన: కట్టెను తిప్పే సాధనం
నగిషీ: అందం కోసం చేసే చెక్కుడు పని

జవాబులు చెప్పండి

1. కట్టె ఏ వైపు ఎక్కువ కుంచించుకుంటుంది? ఏ వైపు తగ్గదు?
2. దుంగ చివరలు ముందు ఎందుకు పగులుతాయి?
3. కట్టెను మండే ఎండలో ఎందుకు ఆరబెట్టకూడదు?
4. పచ్చి బిళ్ల 78 గ్రాములు. ఎండిన బిళ్ల 60 గ్రాములు. నూటికి ఎన్ని పాళ్లు నీళ్లు ఉన్నాయి?
5. పెండ్లికి నెల ముందు పచ్చి కట్టె తెచ్చి మంచం చేయమంటే మీరు ఏం చెబుతారు?

చేసి చూడండి

ఒకే కొమ్మ నుంచి రెండు పచ్చి ముక్కలు కోయండి. ఒకదాని చివరలకు మైనం పూయండి. ఇంకోదాన్ని అట్లాగే వదలండి. రెండిటి మీద తేదీ రాసి నీడలో పెట్టండి. నెల తరువాత మీ అక్షర కేంద్రానికి తెచ్చి అందరికీ చూపించండి. ఏది పగిలిందో, ఎందుకు పగిలిందో బల్ల మీద రాయండి.